తుక్కులో వచ్చే పాత బాంబు: ముట్టుకోవద్దు, మొయ్యొద్దు, దాచొద్దు

తుప్పు పట్టిన బాంబు అంటే చచ్చిపోయిన బాంబు కాదు. ఈ ఒక్క మాట మన ఇళ్లల్లో అందరికీ తెలిస్తే ఈ వ్యాసం పని సగం అయిపోయినట్టే.

గోదావరి జిల్లాల్లో మన కుటుంబాలు చాలావరకు చేతి పనుల మీద, చిన్న వ్యాపారాల మీద బతుకుతున్నాయి. పాత ఇనప సామాన్లు కొనేవాళ్లు, గ్యాస్ కటింగ్ చేసేవాళ్లు, వెల్డింగ్ షాపుల వాళ్లు, లారీ మీద వెళ్లేవాళ్లు, పొక్లెయిన్ నడిపేవాళ్లు మనలో ఎంతోమంది. పాత మందుగుండు సామాను ఎక్కడైనా బయటపడితే మొదట దాని మీద చెయ్యి పడేది ఇలాంటి పనివాళ్లదే. ఆ తర్వాత పిల్లలది. సైనికులది కాదు, పోలీసులది కాదు. అందుకే దీని గురించి మనం తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పుకుందాం. ద్రాక్షారామం చుట్టుపక్కల నేలలో బాంబులు ఉన్నాయని భయపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇలాంటిది కనబడటం చాలా అరుదు. కానీ కనబడిన రోజున ఆలోచించుకోవడానికి టైము ఉండదు. ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉండాలి.

మన వైపు ఇవి ఎక్కడి నుంచి వస్తాయి?

"మన ఊళ్లో యుద్ధం ఎప్పుడు జరిగింది?" అని ఎవరైనా అడుగుతారు. భీమేశ్వరాలయానికీ, సయ్యద్ షా భాజీ ఔలియా దర్గాకీ పేరున్న ప్రశాంతమైన ఊరు మనది. కానీ చుట్టూ ఉన్న నేలకీ, సముద్రానికీ యుద్ధం కొత్త కాదు.

మొదటిది, ఫిరంగుల కాలం. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ పెద్ద యుద్ధం జరిగింది. యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లు వ్యాపారాలు పెట్టుకున్న తీరం ఇది. అందరి దగ్గరా తోపులు ఉండేవి, వాటికి గుండ్లు ఉండేవి.

రెండోది, రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న, సోమవారం నాడు, జపాన్ నౌకాదళానికి చెందిన ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది. ఆ ఏప్రిల్‌లో బంగాళాఖాతంలో జపాన్ ఓడలు, విమానాలు కలిసి ఎన్నో సరుకు ఓడల్ని ముంచేశాయి. జపాన్ వాళ్లు దిగుతారన్న భయంతో మద్రాసు నగరం నుంచి జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. కాకినాడ నుంచి ద్రాక్షారామం ఎంత దూరం? సుమారు 30 కిలోమీటర్లు. మన తాతల కాలం నాటి ముచ్చట ఇది. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియంకి వెళ్లినవాళ్లు అక్కడ జపాన్ వాళ్లు వేసిన, పేలకుండా మిగిలిన బాంబుని చూసే ఉంటారు. ఆ యుద్ధంలో వేసిన బాంబుల్లో దాదాపు పదింటికి ఒకటి పేలలేదని నిపుణుల అంచనా. నేలలోకి, బురదలోకి, సముద్రంలోకి దిగబడిపోయినవి అలాగే ఉండిపోయాయి.

మూడోది, సముద్రం. విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంకలో వాయుసేన క్షిపణుల్ని ప్రయోగించి చూస్తుంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట ఇప్పటికీ సముద్రం అడుగునే ఉంది. సముద్రంలో వాడిన పొగ డబ్బాలు, మంట డబ్బాలు, విరిగిన ముక్కలు వలల్లో పడొచ్చు, అలలతో ఒడ్డుకి కొట్టుకు రావొచ్చు.

నాలుగోది, మనకి అన్నిటికంటే దగ్గరిది: తుక్కు. ఇనుము ఒకచోట ఉండదు, ఊళ్లు దాటి, దేశాలు దాటి తిరుగుతుంది. 2004 సెప్టెంబరు 30న ఢిల్లీ పక్కన ఘజియాబాద్ జిల్లా సాహిబాబాద్‌లోని భూషణ్ స్టీల్ ఫ్యాక్టరీలో తుక్కు మధ్య ఉన్న సైనిక షెల్స్ పేలి పదిమంది కార్మికులు చనిపోయారు. ఆ తుక్కు విదేశాల నుంచి దిగుమతైంది. ఆ పదిమందిలో ఎవరూ యుద్ధం చూసి ఉండరు. వాళ్లు చేసింది రోజూ చేసే పనే. ఆ ఘటన తర్వాతే తుక్కు దిగుమతి మీద కేంద్ర ప్రభుత్వం నిబంధనలు బిగించింది. ముక్కలుగా తురమని తుక్కు రావాలంటే, అందులో పేలుడు సామాను లేదని ముందుగా తనిఖీ చేసిన సర్టిఫికెట్ ఉండాలని చెప్పింది. నిబంధన మంచిదే. కానీ మూట విప్పేది, కట్టర్ పట్టేది మన చెయ్యే కాబట్టి మన కన్ను కూడా పని చెయ్యాలి.

తుక్కులాగే మట్టి కూడా ప్రయాణం చేస్తుంది. రొయ్యల చెరువు తవ్విన మట్టి ఒక ఊరి నుంచి, ఇసుక ర్యాంపు నుంచి లోడు మరో ఊరికి, కాలువ పూడిక తీసిన బురద ఇంకో చోటికి వెళ్తాయి. ఇంటి పునాదికి మెరక పోసే మట్టిలో ఏముందో ఎవరూ వెతకరు.

ఇన్నేళ్ల తర్వాత కూడా పేలుతుందా?

పేలుతుంది. కొన్నిసార్లు కొత్తదానికంటే పాతదే ఎక్కువ ప్రమాదం. ఎందుకో అర్థమైతే జాగ్రత్త దానంతట అదే వస్తుంది.

బాంబులో ముఖ్యంగా రెండు భాగాలు ఉంటాయి. ఒకటి లోపలి మందు. రెండోది ఆ మందుని అంటించే ఫ్యూజ్. బయటి ఇనుము తుప్పు పట్టొచ్చు, లోపలి మందుకి మాత్రం తుప్పు పట్టదు. టీఎన్‌టీ లాంటి మందు ఎనభై ఏళ్లు మట్టిలో ఉన్నా దాని బలం పెద్దగా తగ్గదు. ఇంకో రకం ఉంది, పిక్రిక్ ఆమ్లం. పాత రోజుల్లో జపాన్‌తో సహా చాలా దేశాలు దీన్ని షెల్స్‌లో నింపేవి. ఇది లోహంతో కలిసి ఏళ్ల తరబడి నానితే కొత్త లవణాలు తయారవుతాయి. అవి అసలు మందుకంటే చాలా సున్నితం. కొద్దిపాటి రాపిడికి, తట్టుకి కూడా అంటుకుంటాయి.

ఇక ఫ్యూజ్. అది పేలలేదంటే పాడైపోయిందని కాదు. సగం పని చేసి ఆగిపోయి ఉండొచ్చు. లోపలి స్ప్రింగు బిగుసుకుని, ఒక చిన్న పిన్ను తుప్పులో ఇరుక్కుని ఆగి ఉండొచ్చు. ఎలుకల బోను నొక్కి పెట్టి, తలుపు పడకుండా మధ్యలో పుల్ల పెట్టినట్టు. ఆ పుల్ల ఎప్పుడు విరుగుతుందో ఎవరికీ తెలియదు. మనం దాన్ని అటూ ఇటూ తిప్పితే, గడ్డపారతో గీకితే, బండిలో వేసి గతుకుల రోడ్డు మీద తీసుకెళ్తే విరగొచ్చు.

దీనికి రెండు ఉదాహరణలు చూడండి. 2010 జూన్ 1న జర్మనీలోని గోట్టింగెన్ పట్టణంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబుని నిర్వీర్యం చెయ్యడానికి సిద్ధమవుతుండగానే అది పేలిపోయింది. ముగ్గురు నిపుణులు చనిపోయారు. ఆ పని తెలిసినవాళ్లు, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు వాళ్లు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో పాత వస్తువులు సేకరించే ఒకాయన తన ఇంటి దగ్గర ఫిరంగి గుండుకి తుప్పు వదిలిస్తుండగా అది పేలి ప్రాణం పోయింది. ఆ గుండు 1860ల నాటి అంతర్యుద్ధానిది, అంటే సుమారు 140 ఏళ్లది.

కాబట్టి "ఇంత పాతది, ఇంకేం పేలుతుంది భాయ్" అన్న మాట మన నోట రాకూడదు.

చూసి ఎలా గుర్తుపట్టాలి?

గుర్తుపట్టడం అంటే దగ్గరికెళ్లి పరీక్ష చెయ్యడం కాదు. అది ఏ దేశానిది, ఏ రకం, లోపల మందు ఉందా లేదా అనేది తేల్చాల్సింది నిపుణులు. మనకి కావాల్సింది ఒక్కటే: "ఇది మామూలు ఇనుము కాదేమో" అన్న అనుమానం రావడం. నిలబడ్డ చోటు నుంచే కింది ఆకారాలు గమనించండి.

విమానం నుంచి వేసే బాంబు: గ్యాస్ సిలిండర్ లాగా లావుగా, ఒకవైపు మొన తేలి ఉంటుంది. వెనకవైపు రేకుల తోక ఉండొచ్చు, ఊడిపోయి కూడా ఉండొచ్చు. తోక లేకపోతే పాత సిలిండరో, బాయిలర్ ముక్కో అనుకుని పొరబడతారు.

ఫిరంగి షెల్: పెద్ద తుపాకి గుండు ఆకారం. జానెడు నుంచి మూరెడు దాకా ఉంటుంది, ఇంకా పెద్దవీ ఉంటాయి. అడుగు భాగానికి దగ్గర్లో చుట్టూ రాగి పట్టీ ఉంటుంది. ఆ రాగి కోసమే చాలామంది దాన్ని కొట్టి విడదీయాలని చూస్తారు. ప్రాణాలు పోయేది అక్కడే.

మోర్టారు బాంబు: మధ్యలో ఉబ్బి, రెండు చివర్లా సన్నబడి, వెనక చిన్న రెక్కల తోక ఉంటుంది. తోక తగిలించిన దోసకాయలా కనిపిస్తుంది.

గ్రెనేడు: గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. పాత రకాలకి సీతాఫలం పైతొక్కలా గళ్లు ఉంటాయి. కొత్త రకాలు నున్నగా, చిన్న డబ్బాలా కూడా ఉంటాయి. పైన పిన్ను, పక్కన లివరు ఉండొచ్చు.

మందుపాతర: టిఫిన్ డబ్బాలా గుండ్రంగా, పళ్లెంలా చదునుగా ఉంటుంది. ఇనుముదే కాదు, ప్లాస్టిక్‌దీ ఉంటుంది.

క్లస్టర్ బాంబు పిల్లలు: క్రికెట్ బంతి అంత గుండ్లు. లావోస్ దేశం మీద 1964 నుంచి 1973 దాకా అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో పేలని చిన్న గుండ్లు 8 కోట్ల దాకా మిగిలిపోయాయని అంచనా. అక్కడ ఇప్పటికీ వాటిని బంతులనుకుని పట్టుకుని పిల్లలు చనిపోతున్నారు.

ఫిరంగి గుండు: గుండ్రటి ఇనప గుండు. నిండు ఇనుముదైతే పేలదు. కానీ కొన్ని లోపల బోలుగా ఉండి, మందు కూరి, చిన్న కన్నం మూసి ఉంటాయి. మట్టి, తుప్పు పట్టాక ఆ కన్నం కనబడదు. ఇంట్లో పెద్దల కాలం నుంచి అలాంటి గుండు ఏదైనా ఉంటే దాన్ని కదపకండి, గీకకండి, కడగకండి. కింద చెప్పిన విధంగానే కబురు చెయ్యండి.

రంగుల గురించి కూడా కొద్దిగా. చాలా దేశాల సైన్యాల్లో పసుపు పట్టీ ఉంటే బలమైన పేలుడు మందు అని, నీలం రంగు ఉంటే శిక్షణ కోసం వాడేది అని గుర్తు. కానీ రంగుని నమ్మి ధైర్యం తెచ్చుకోవద్దు. పాతబడ్డాక రంగు పోతుంది. శిక్షణ బాంబులో కూడా ఎక్కడ పడిందో తెలియడానికి పొగ, మంట వచ్చే మందు పెడతారు. చేతివేళ్లు పోవడానికి అది చాలు.

సముద్రపు ఒడ్డున దొరికే డబ్బాలతో ఇంకో ప్రమాదం ఉంది. తెల్ల భాస్వరం నీళ్లలో ఉన్నంతసేపు ఊరికే ఉంటుంది, ఆరితే గాలి తగిలి దానంతట అదే మండుతుంది. జర్మనీ బాల్టిక్ తీరంలో ఇలాంటి ముక్కల్ని అందమైన రాళ్లనుకుని జేబులో వేసుకుని ఒళ్లు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. యానాం, ఉప్పాడ, కాకినాడ బీచ్‌లకి పిల్లలతో వెళ్లినప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

కనబడితే ఏం చెయ్యాలి?

1. ఆగండి. గడ్డపార, పలుగు, పొక్లెయిన్, కట్టర్ ఏది నడుస్తున్నా ఆపెయ్యండి. పొక్లెయిన్ బకెట్‌లో ఉండగా కనబడితే బకెట్ దింపొద్దు, ఊపొద్దు. ఇంజిను ఆపి దిగి దూరంగా వెళ్లిపోండి.

2. ముట్టుకోకండి. మట్టి తుడవడం, కర్రతో పొడవడం, నీళ్లు పొయ్యడం, మూత తిప్పడం ఏదీ వద్దు. అప్పటికే చేతిలో ఉంటే విసరకండి, పడెయ్యకండి. మెల్లగా నేల మీద పెట్టి వెళ్లిపోండి.

3. వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. ఒకటి ఉన్నచోట ఇంకోటి ఉండొచ్చు. మీరు నడిచి వచ్చిన దారి మీకు తెలిసిన దారి.

4. మనుషుల్ని దూరం చెయ్యండి. చేతిలో పట్టేంత చిన్నదైనా కనీసం 100 మీటర్లు, సిలిండర్ అంతదైతే 500 మీటర్లు, వీలైతే ఇంకా ఎక్కువ. గోడ చాటుకి వెళ్లండి, అద్దాల కిటికీలకి దూరంగా ఉండండి. పోలీసులు వచ్చాక వాళ్లు చెప్పిన దూరమే ఆఖరి మాట.

5. దారి మళ్లించండి. అటువైపు వచ్చే దారిలో, దూరంగానే, ఎర్ర గుడ్డో, కొమ్మలో, తాడో అడ్డం కట్టండి. ఇద్దరు పెద్దవాళ్లు అటూ ఇటూ నిలబడి జనాన్ని ఆపాలి. చూడ్డానికి వచ్చేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

6. దూరంగా వెళ్లాకే ఫోన్ చెయ్యండి. దాని పక్కన నిలబడి ఫోన్ వాడొద్దు. 112 కి చెయ్యండి, 100 అయినా పర్వాలేదు. సముద్రంలో, తీరంలో అయితే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093. ఎవరికైనా దెబ్బ తగిలితే 108.

ఫోన్‌లో కంగారు పడకుండా ఇలా చెప్పొచ్చు: "సార్, ద్రాక్షారామం నుంచి మాట్లాడుతున్నానండి. కాలువ గట్టు మీద పూడిక మట్టిలో బాంబులాంటిది కనబడిందండి. మూరెడు పొడవుంది, తుప్పు పట్టి ఉంది. ఎవరూ ముట్టుకోలేదండి. జనాన్ని దూరంగా ఆపాం. నేను స్కూలు దగ్గర రోడ్డు మీద నిలబడి ఉంటాను, దారి చూపిస్తాను." ఎక్కడ, ఎలా ఉంది, ఎంతుంది, ఎవరైనా కదిపారా, మీరు ఎక్కడ కలుస్తారు అనే అయిదు ముక్కలు చాలు.

ఫోటో కావాలంటే కనబడిన చోటు నుంచే దూరంగా తీసింది చాలు. మంచి ఫోటో కోసం ఇంకో అడుగు ముందుకి వెయ్యొద్దు. వాట్సాప్ గ్రూపులో పెడితే పది నిమిషాల్లో ఊరంతా అక్కడికి చేరుతుంది. ముందు పోలీసులకి, తర్వాతే మిగతావాళ్లకి.

పోలీసుల బాంబు డిస్పోజల్ స్క్వాడ్ వచ్చి చూస్తుంది. సైన్యానికి సంబంధించిన పెద్ద బాంబు అయితే ఆర్మీ, నేవీ, వాయుసేన నిపుణుల్ని పిలిపిస్తారు. గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజులు కూడా పట్టొచ్చు. 2024 జులైలో పశ్చిమ బెంగాల్ ఝార్‌గ్రామ్ జిల్లా భులన్‌పూర్ గ్రామంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు బయటపడింది. జనాన్ని దూరం పంపించి, వాయుసేన, పోలీసులు కలిసి దాన్ని పేల్చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. పని సరిగ్గా జరిగితే ఇలాగే ఉంటుంది.

ధైర్యం అనుకుని చేసే పొరపాటు

2017 ఆగస్టులో మధ్యప్రదేశ్ సాగర్ జిల్లాలో ఒక బడి ఆవరణలో షెల్ కనబడింది. అప్పుడు అక్కడ 400 మంది పిల్లలు ఉన్నారు. ఒక హెడ్ కానిస్టేబుల్ ఆ పది కిలోల షెల్‌ని భుజం మీద పెట్టుకుని దాదాపు కిలోమీటరు పరిగెత్తి దూరంగా వదిలాడు. దేశమంతా ఆయన్ని మెచ్చుకుంది. ఆయన మనసు గొప్పది, అందులో సందేహం లేదు. కానీ మనం నేర్చుకోవాల్సింది ఆ పరుగు కాదు. కదిలించాల్సింది పిల్లల్ని, షెల్‌ని కాదు. పిల్లలకి కాళ్లున్నాయి, నడుస్తారు. షెల్ ఉన్నచోట ఉన్నంతసేపు అది ఆగి ఉంది. భుజం మీద ఎగిరెగిరి పడుతున్నప్పుడు ఏ క్షణమైనా ఏమైనా జరగొచ్చు.

ఇలాగే మంచి మనసుతో చేసే పనులు ఇంకొన్ని ఉన్నాయి. ఇసుక బకెట్లో పెట్టడం, బావిలో, చెరువులో పడెయ్యడం, గొయ్యి తీసి పూడ్చెయ్యడం, ట్రాక్టర్‌లో వేసుకుని పోలీస్ స్టేషన్‌కి పట్టుకెళ్లడం. ఏదీ చెయ్యొద్దు. చెరువులో పడేసింది రేపు చెరువు తవ్వేవాడికి దొరుకుతుంది. స్టేషన్‌కి పట్టుకెళ్లేది దారిలో పేలితే పక్కన వెళ్లే ఆటోలో వాళ్లు కూడా పోతారు.

తుక్కు కొట్టు నడిపే భాయీలకి

లాభం కిలోల లెక్కన వస్తుంది, ప్రాణం కిలోల లెక్కన రాదు. మీ కొట్టులో ఈ కొన్ని అలవాట్లు పెట్టుకోండి.

మూత మూసి ఉన్న ఏ లోహపు వస్తువునైనా, లోపల ఏముందో తెలియనిదాన్ని, కట్టర్‌తో కొయ్యనివ్వకండి. గ్యాస్ సిలిండరైనా, మూసిన డ్రమ్మైనా, షెల్ అయినా ఇదే మాట. వేడి తగిలితే పేలేవే ఇవన్నీ.

లోడు దిగాక నేరుగా కుప్పలో కలపకండి. నేల మీద పరిచి, పగటి వెలుతురులో ఒకసారి కళ్లతో చూసి, అనుమానం లేనివాటినే లోపలికి పంపండి. రాత్రిపూట విడదీసే పని వద్దు.

ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు అమ్మారు, ఏ బండిలో వచ్చింది అనేది పుస్తకంలో రాసుకోండి. ఏదైనా బయటపడిన రోజు మిమ్మల్ని కాపాడేది ఆ పుస్తకమే.

వీధుల్లో తిరిగి కొనే కుర్రాళ్లకి పైన చెప్పిన ఆకారాలు బొమ్మ గీసి చూపించండి. "ఇలాంటివి ఎవరైనా ఊరికే ఇచ్చినా తేవద్దు, అక్కడే వదిలేసి నాకు ఫోన్ చెయ్యి" అని చెప్పండి. ఇత్తడి తూటా గొట్టాలు, రాగి పట్టీలు ఉన్న సామాను మంచి ధరకి వస్తుందంటే అప్పుడే అనుమానించాలి. కొనడం ఆపితే తెచ్చేవాళ్లు కూడా ఆపుతారు.

"చెప్తే మనల్నే పట్టుకుంటారేమో"

ఈ మాట బయటికి అనకపోయినా చాలామంది మనసుల్లో ఉంటుంది. బాంబు అన్న మాట, ముస్లిం పేరు ఒకచోట వినబడితే జనం ఎలా చూస్తారో అన్న భయం ఊహించుకున్నది కాదు. ఆ భయంతోనే కొందరు దొరికినదాన్ని రాత్రికి రాత్రే కాలువలో పడేద్దాం అనుకుంటారు. అదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ప్రాణానికీ, చట్టం ముందూ.

చట్టం చూసే తేడా ఇది. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద, సరైన కారణం లేకుండా పేలుడు పదార్థం దగ్గర పెట్టుకోవడం నేరం. దొరికినచోటే వదిలేసి వెంటనే 112 కి చెప్పినవాడు దాన్ని దగ్గర పెట్టుకున్నవాడు కాదు, సమాచారం ఇచ్చినవాడు. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టినవాడు, కొట్టు వెనక దాచినవాడు, ఎవరికీ చెప్పకుండా ఇంకోచోటికి మార్చినవాడు మాత్రం జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అంటే దాచడం వల్ల అనుమానం తగ్గదు, పెరుగుతుంది.

భయం తగ్గడానికి చెయ్యాల్సిన పనులు ఇవి. మీ సొంత ఫోన్ నుంచే 112 కి చెయ్యండి, ఏ టైముకి చేశారో రాసుకోండి. ఒంటరిగా ఉండకండి. మసీదు కమిటీ పెద్దనో, సర్పంచ్‌నో, వార్డు మెంబర్‌నో, సచివాలయం మహిళా పోలీసునో వెంటనే పిలవండి. వేరే మతం వాళ్లయినా పక్కింటి పెద్దమనిషిని కూడా తోడు పిలవండి. నలుగురి ముందు జరిగిన పని మీద నలుగురి సాక్ష్యం ఉంటుంది. పోలీసులు వచ్చాక మీరు చూసింది చూసినట్టు చెప్పండి, చూడనిది చెప్పకండి. స్టేషన్ జనరల్ డైరీలో మీ సమాచారం రాశారా అని మర్యాదగా అడగండి. మాట రాసుకుంటే సంతకం పెట్టే ముందు చదివించుకోండి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి

కోనసీమ నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి వెళ్లినవాళ్లు లేని ఊరు లేదు. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు, 1991 యుద్ధంలో, ఆ ఎడారిలో లక్షల మందుపాతరలు పెట్టారు. పేలని బాంబులు కూడా మిగిలాయి. తర్వాత చాలావరకు తీసేశారు. అయినా వాన పడ్డాక, ఇసుక గాలి వీచాక, కింద ఉన్నవి పైకి వస్తుంటాయి. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేవాళ్లు, చలికాలంలో గుడారాల దగ్గర వంట పనికి, డ్రైవింగ్‌కి వెళ్లేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. బండి టైర్ల గుర్తులున్న దారి విడిచి పక్కకి వెళ్లొద్దు. ఇసుకలో కనబడిన డబ్బాని తన్నొద్దు, దాని పక్కన మంట పెట్టొద్దు. కువైట్‌లో కూడా అత్యవసర నంబరు 112. కఫీల్‌కి చెప్పడంతో ఊరుకోకుండా ఆ నంబరుకి కూడా చెప్పండి. ఇక్కడి నుంచి వీడియో కాల్ చేసినప్పుడు ఇంట్లోవాళ్లు ఈ ముక్క ఒకసారి చెప్తే బాగుంటుంది.

పిల్లలకి ఎలా చెప్పాలి?

పిల్లల్ని భయపెడితే దాచేస్తారు. "బాంబు తెచ్చావా, చంపేస్తాను" అంటే రేపు ఏదైనా దొరికినా మీకు చెప్పరు. అమ్మీ గానీ నానీ గానీ కూర్చోబెట్టి మూడు మాటలు నేర్పితే చాలు: ముట్టుకోను, దూరంగా వెళ్తాను, పెద్దవాళ్లకి చెప్తాను. చెప్పినందుకు తిట్టం, మెచ్చుకుంటాం అని వాళ్లకి నమ్మకం కలగాలి. తోటల్లో అడవి పందుల కోసం పెట్టే నాటు బాంబులకి, దీపావళి తర్వాత పేలకుండా పడి ఉన్న టపాకాయలకి కూడా ఇదే పాఠం. పిల్లలకి వస్తువు పేరుతో పని లేదు, అలవాటుతోనే పని.

మదర్సాలో, బడిలో పది నిమిషాలు ఈ ఆకారాల బొమ్మలు చూపించొచ్చు. జుమా నమాజు తర్వాత కమిటీ వాళ్లు ఒక్క ప్రకటన చెయ్యొచ్చు. నిజంగా ఏదైనా బయటపడిన రోజు, పోలీసులు అడిగితే, జనాన్ని దూరంగా ఉండమని చెప్పడానికి మసీదు మైకు కంటే త్వరగా పనిచేసేది మన పేటల్లో ఇంకోటి లేదు.

ఈ వ్యాసం చదివినవాళ్లు ఈ రోజే ఒక పని చెయ్యండి. 112 నంబరుని ఇంట్లో అందరి ఫోన్లలో వేసి పెట్టండి. మీ వీధిలో పాత సామాన్లు కొనడానికి వచ్చే కుర్రాడు రేపు వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆపి, రాగి పట్టీ ఉన్న షెల్ ఎలా ఉంటుందో, దాన్ని ఎందుకు తాకకూడదో చెప్పండి. ఆ కుర్రాడికి ఈ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.